నాలుగో గోడ

"ఎంట్రన్సు నేదే పిన్నీ" అన్నాడు ఎల్లాజీ,
నా ఫోను వాడి మోకాలి మీద.
బీకాం సర్టిఫికెట్టు ఫొటో, ఆధారు, మొదటి వాయిదా డబ్బులు,
అంతే, ఎంబీఏలో పడిపోయావన్నాడు,
బోటు మీంచి జెట్టీ మీదికి గెంతినంత తేలిగ్గా.

నాకెందుకో చిన్నతనం వేసింది.
అడుగుతారనుకున్నాను.
రైలు వంతెన దాటడానికి ఎన్ని సెకన్లని,
రెండు పైపులు తెరిస్తే తొట్టి ఎప్పుడు నిండుతుందని.
ఇరవై ఏళ్ళుగా జవాబులు దాచుకున్నదాన్ని.
గుమ్మం దగ్గర ఎవరూ లేని పెళ్ళికి వచ్చినట్టు
లోపలికి వచ్చేసి,
ఎవరి తరఫో చెప్పాలని అలాగే నిలబడ్డాను.

హార్బరులో ఐసు ఫ్యాక్టరీ మాది.
మాదంటే మాది కాదు, లెక్క ఒక్కటే నాది.
రెండున్నరకి లేస్తాను.
ఏ సోనా బోటుకి ఎన్ని దిమ్మలు ఎక్కాయో,
ఎవరు డబ్బిచ్చారో, ఎవరు నవ్వి ఊరుకున్నారో.
ఐసు లెక్క సంగతి తెలిసిందే:
రాసేలోపు కరిగిపోయేది సరుకు,
ఎన్నాళ్ళున్నా కరగనిది బాకీ.

రాత్రి ఎనిమిదికి క్లాసు.
కెమెరా ఆపేస్తాను. మైకు ఆపేస్తాను.
క్రషరు మాత్రం ఆపలేను.
ఒకరోజు మర్చిపోయి మైకు వదిలేస్తే
బెంగళూరు నుంచి పాఠం చెప్పే సారు
"ఎవరింట్లోనో మిక్సీ నడుస్తోంది, దయచేసి" అన్నారు.
మిక్సీయే అనుకోనీ.

సప్లై, డిమాండు పాఠానికి నవ్వొచ్చింది.
ఏప్రిల్ నడుమ వేట ఆపేశాక
రెండు నెలలు ఐసు ఎవరిక్కావాలి?
పెళ్ళివాళ్ళకి. పోయినవాళ్ళకి.
పెళ్ళివాళ్ళు బేరమాడతారు.

ఆ తర్వాతి వారం సారు తెర మీద ఒక మాట రాశారు.
సంక్ కాస్ట్. అంటే మునిగిన ఖర్చు.
మునిగిందేదో మునిగింది,
దాన్ని చూసుకుని రేపటి నిర్ణయం చేయకూడదన్నారు.
సందేహాలా అన్నారు.

నా బొటనవేలు అక్షరాల మీద చాలాసేపు ఆగింది.
అది ఐసెట్ రోజు పొద్దున. మే నెల.
వేట లేని రోజులే, కట్టేసిన బోటే,
గాలి లేదు, వాన లేదు.
అడుగున పలక ఒకటి వదిలి
మా అన్న పోలారావు బోటు
ఉన్నచోటే, తాడుతో సహా, మెల్లిగా కూర్చుంది
మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ పీట మీద కూర్చున్నట్టు.
ఆ తాడు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.
మధ్యాహ్నానికి చూసుకుంటే, జాకెట్లో హాల్ టికెట్టు
తడిసి, నా ఫొటోలోని నీలం
నా ఒంటికే అంటుకుంది.

"మునిగినదానికి వడ్డీ మునగదు సార్,
తొమ్మిదేళ్ళు కట్టాం" అని టైపు చేశాను.
చెరిపేశాను.
"నో డౌట్స్ సార్" అని పంపాను.

లోపలికి రావడానికి పరీక్ష లేదు గానీ
లోపల ఉంది.
ఇంటి దగ్గర నెట్టు అందక
ఐసు షెడ్డులోనే కూర్చున్నాను, ఆరోజుకి క్రషరు ఆపించి.
ఫోను తెర మీద అక్షరాలు:
మీ గది నాలుగు వైపులా చూపించండి.

తిప్పాను.
ఒక పక్క దిమ్మలు, వాటి మీద రంపపు పొట్టు, గోనెపట్టాలు.
ఒక పక్క బాకీల నల్లబల్ల,
దాని మీద చనిపోయిన ఇద్దరి పేర్లు,
తుడవడానికి నాకింకా చెయ్యి రాలేదు.
ఒక పక్క నీళ్ళ ట్యాంకు.
ఎల్లాజీని బయటికి పంపేశాను గానీ
వాడి చెప్పులు అక్కడే ఉండిపోయాయి.
నాలుగో పక్క గోడ లేదు.
వరసగా బోట్లు, మసిబారిన జెండాలు,
వాటి వెనక నీళ్ళు,
నీళ్ళకి అటువైపు యారాడ కొండ మీద
ఎవరినో వెతుకుతున్నట్టు తిరిగే లైటు.

గోడ కనబడలేదు. మళ్ళీ చూపించండి.

మళ్ళీ తిప్పాను,
ఈసారి కొంచెం నెమ్మదిగా.